తొంభై దగ్గర వణుకు ఎందుకు?

ఊళ్లో తిరిగినంతసేపూ కారుకు ఏ రోగమూ ఉండదు. నలభైలో, యాభైలో హాయిగా పోతుంది. హైవే ఎక్కి ఎనభై దాటేసరికి స్టీరింగ్ చేతిలో సన్నగా వణకడం మొదలుపెడుతుంది. తొంభై అయిదు దగ్గర ఆ వణుకు మోచేతుల దాకా పాకుతుంది. ఇంకాస్త తొక్కి నూటపదికి తీసుకెళితే మాత్రం, చిత్రంగా, సర్దుకుంటుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే దారైనా, నెల్లూరు వైపు పోయే 16వ నంబరు జాతీయ రహదారైనా ఇదే వరస. వేగం వల్లే వణికితే, వేగం పెరిగేకొద్దీ ఇంకా వణకాలి కదా, తగ్గడమేమిటి? ఈ సందేహానికి జవాబు దొరికితే కారుకు పట్టిన జబ్బు సగం తెలిసినట్టే.

కారును వణికించేవన్నీ తిరిగే భాగాలే. చక్రం, బ్రేకు డిస్కు, షాఫ్టు, ఇంజను. ఇవన్నీ ఒకే వేగంతో తిరగవు. అందుకే ఒక్కోదాని వణుకుకు ఒక్కో లయ ఉంటుంది. ఏ వేగంలో వచ్చింది, ఎక్కడ తెలిసింది, ఏం చేసినప్పుడు వచ్చింది అన్న మూడు సంగతులు గమనించుకుంటే, బానెట్ ఎత్తకుండానే తప్పెక్కడుందో చాలావరకు చెప్పవచ్చు.

ముప్పై గ్రాముల ప్రతాపం

ముందు కాస్త లెక్క చూద్దాం. చిన్న కార్లకు తరచూ కనబడే 165/80 ఆర్14 టైరు ఒక్క చుట్టు తిరిగితే సుమారు 1.95 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. అంటే ఆ వేగంలో చక్రం సెకనుకు 14 చుట్లు తిరుగుతోందన్నమాట.

ఇప్పుడు ఆ చక్రపు రిమ్ము అంచున ఒకచోట ముప్పై గ్రాములు ఎక్కువ ఉన్నాయనుకుందాం. కారు నిలబడి ఉన్నప్పుడు ఆ బరువు లెక్కలోకే రాదు. చక్రం తిరుగుతుంటే మాత్రం అది ఇరుసును బయటికి లాగుతూ ఉంటుంది. ఈ లాగుడు వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల దగ్గర అది కిలో బరువు వేలాడదీసినంత. వందకు వచ్చేసరికి రెట్టింపు కాదు, నాలుగు రెట్లయి, నాలుగు కిలోలు దాటుతుంది. ఆ నాలుగు కిలోలు ఒకే దిక్కున కూడా లాగవు. సెకనుకు 14 సార్లు పైకి, ముందుకు, కిందికి, వెనక్కి తిప్పి తిప్పి లాగుతాయి. ఊళ్లో కనబడని లోపం హైవే మీద బయటపడడానికి మొదటి కారణం ఇదే.

మరి నూటపదిలో ఎందుకు తగ్గుతుంది? నిండు బిందె నెత్తిన పెట్టుకుని నడిచేవారికి ఈ సంగతి తెలుసు. ఒకానొక నడకలో నీళ్లు తొణికి మీద పడతాయి. అడుగు కాస్త నిదానించినా, కాస్త వడి పెంచినా తొణకడం తగ్గుతుంది. బిందెలో నీటికి తనదైన ఊపు ఒకటుంది, అడుగుల లయ దానితో కలిసినప్పుడే తంటా. కారులోనూ అంతే. స్ప్రింగు మీద కూర్చున్న కారు బాడీ సెకనుకు ఒకటి రెండు సార్లు ఊగుతుంది. ఆ స్ప్రింగుకూ గాలి నిండిన టైరుకూ మధ్య ఇరుక్కున్న చక్రం, హబ్బు, బ్రేకుల సముదాయానికి మాత్రం సొంత ఊపు సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు. చక్రం తిరిగే లయ 80, 110 కిలోమీటర్ల మధ్య సరిగ్గా ఆ హద్దుల్లోకి వస్తుంది. రెండు ఊపులూ కలవగానే చిన్న తోపు పెద్ద వణుకవుతుంది. దీన్నే భౌతికశాస్త్రంలో అనునాదం అంటారు.

మన శరీరం కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తుంది. చేతులకు సోకే కంపనాలను లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 5349, సెకనుకు 8 నుంచి 16 సార్లు వచ్చే కంపనాలకే అన్నిటికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. మన చిన్న కారు టైరు లెక్కలో అది సుమారు 56 నుంచి 112 కిలోమీటర్ల వేగం. లోపం కారుదే అయినా, దాన్ని ఎక్కువగా పసిగట్టే లయలోనే మన చేతులూ ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. నూటపదిలో తగ్గింది వణుకే, బలం కాదు. ఆ ముప్పై గ్రాములు 120 దగ్గర ఆరు కిలోలకు పైగా లాగుతుంటాయి. చేతికి తెలియకపోయినా బేరింగుకు, బుష్‌లకు, టైరుకు తెలుస్తూనే ఉంటుంది. వేగం పెంచి వణుకు దాటించడం మందు కాదు.

తూకం తప్పేది ఇలా

హైవే వణుకుల్లో మొదట అనుమానించాల్సింది చక్రాల తూకాన్నే. రిమ్ముకు కొట్టిన సీసం ముక్క గుంతలో పడ్డప్పుడు ఊడిపోవచ్చు. అల్లాయ్ రిమ్ము లోపల అంటించిన ముక్క, కింద మట్టి సరిగా తుడవకుండా అంటిస్తే, ప్రెషర్ వాష్ దెబ్బకే లేచిపోతుంది. పంక్చరు పడకుండా టైరులో పోయించిన సీలెంట్ ద్రవం ఒకచోట పేరుకున్నా తూకం చెడుతుంది. వానాకాలంలో కర్నూలు, ఆదిలాబాద్ రేగడి దారుల్లో తిరిగొచ్చిన కారుకైతే ముందు చూడాల్సింది రిమ్ము లోపలి వైపే. అక్కడ పట్టిన నల్లమట్టి ఆరి గట్టిపడి, పావుకిలో ముద్దగా ఒక పక్కనే ఉండిపోతుంది. బయటి నుంచి చూస్తే చక్రం శుభ్రంగానే ఉంటుంది. ఒక బకెట్టు నీళ్లు, ఒక పుల్లతో పోయే జబ్బుకు వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు.

బ్యాలెన్సింగ్ మెషిను దగ్గర కాసేపు నిలబడి చూస్తే పని బాగా జరుగుతోందో లేదో తెలిసిపోతుంది. మంచి పనివాడు ముందుగా పాత బరువులన్నీ పీకేసి, మట్టి గీకి, టైరు గాట్లలో ఇరుక్కున్న రాళ్లు తీసేస్తాడు. చక్రాన్ని మెషిను ఇరుసుకు తొడిగి, మధ్య రంధ్రానికి సరిపడే కోను పెట్టి బిగిస్తాడు. రిమ్ము కొలతలు నొక్కి మూత దించగానే చక్రం తిరుగుతుంది. ఆగాక తెర మీద రెండు అంకెలు పడతాయి. లోపలి వైపు 35, బయటి వైపు 10 అనుకుందాం. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట లైట్లు వెలుగుతాయి, బరువు కొట్టాల్సింది అక్కడే.

రెండు అంకెలు ఎందుకు? చక్రానికి వెడల్పు ఉంది కాబట్టి. లోపలి అంచున ఒక పక్క ఇరవై గ్రాములు, బయటి అంచున సరిగ్గా దానికి ఎదురుగా ఇంకో ఇరవై గ్రాములు ఎక్కువ ఉన్నాయనుకోండి. నిలబెట్టి తూచితే చక్రం పూర్తిగా సమానం. తిరిగితే మాత్రం ఆ రెండూ చెరొక వైపు లాగి చక్రాన్ని కుడిఎడమలకు ఊపుతాయి. మొదటి రకం లోపం చక్రాన్ని ఎగిరెగిరి పడేలా చేస్తే, ఈ రెండో రకం స్టీరింగ్‌ను నేరుగా పట్టి ఊపుతుంది.

బరువులు కొట్టాక మళ్లీ తిప్పి, రెండు వైపులా సున్నా పడితేనే పని అయినట్టు. ఇంకా అనుమానముంటే చక్రాన్ని వదులు చేసి, ఇరుసు మీదే అరచుట్టు మళ్లించి, తిరిగి బిగించి తిప్పమనండి. అప్పుడూ సున్నా వస్తే చక్రం సరిగ్గా నడిమధ్యన కూర్చున్నట్టు. పెద్ద అంకె వస్తే కోను దగ్గరే తేడా, ఇందాకటి బ్యాలెన్సింగ్ లెక్కలోకి రాదు.

సున్నా వచ్చినా వణికితే

మెషిను తూకాన్ని కొలుస్తుంది, గుండ్రాన్ని కాదు. రిమ్ము గుంతలో గట్టిగా తగిలి ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు వంగినా, బరువులు కొట్టి దాన్ని సున్నాకు తేవచ్చు. కానీ వంకర చక్రం ప్రతి చుట్టుకూ ఒకసారి ఇరుసును ఎత్తి దించుతూనే ఉంటుంది. అందుకే మెషిను మీద తిరుగుతున్నప్పుడు అంకెల కన్నా ముందు రిమ్ము అంచును చూడాలి. స్థిరంగా ఉన్న ఒక గుర్తు పక్కన అంచు అటూ ఇటూ ఆడుతుంటే బెండ్ ఉన్నట్టే. ఇనుప రిమ్ముకు బెండ్ తీయించడం తేలిక. అల్లాయ్ రిమ్ము అయితే పగులు ఉందేమో చూడకుండా కొట్టించుకోకూడదు.

టైరు కూడా చుట్టూ ఒకే గట్టిదనంతో ఉండదు. రబ్బరు పొరలు ఒకదాని మీద ఒకటి అతికే చోట కాస్త బిగువు ఎక్కువ. బరువు పడినప్పుడు ఆ చోటు తక్కువగా నొక్కుకుంటుంది, అక్కడికి వచ్చినప్పుడల్లా చక్రం చిన్న గట్టు ఎక్కినట్టవుతుంది. కొన్ని కొత్త టైర్ల పక్కన కనబడే రంగు చుక్కలు ఇందుకే. ఎర్ర చుక్క ఈ బిగువు ఎక్కువున్న చోటుకు గుర్తు, పసుపు చుక్క టైరు తేలిగ్గా ఉన్న చోటుకు గుర్తు. పసుపు చుక్కను వాల్వు దగ్గరికి తెచ్చి ఎక్కిస్తే తక్కువ బరువుతోనే తూకం కుదురుతుంది. నెలల తరబడి షెడ్డులో నిలిపిన కారు టైర్లు నేలకు ఆనిన చోట చదునెక్కుతాయి. కొద్ది దూరం నడిచి వేడెక్కితే చాలావరకు పోతుంది, మరీ ఎక్కువ కాలం ఉంచితే మిగిలిపోతుంది.

ఇక తొడిగే తీరు. బయట కొని వేయించిన అల్లాయ్ చక్రాల మధ్య రంధ్రం మన కారు హబ్బు కన్నా పెద్దదిగా ఉండవచ్చు. ఆ సందుకు సరిపడే రింగు వేయకపోతే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది. హబ్బు ముఖం మీద తుప్పు పొర ఉన్నా, నట్లను వరసగా ఒకదాని పక్కన ఒకటి బిగించుకుంటూ పోయినా ఇదే ఫలితం. ఒక నట్టు బిగించాక దాని ఎదుటి నట్టుకు వెళ్లాలి. చాలా చిన్న కార్లకు ఈ బిగింపు వంద న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. టార్క్ రెంచితో కొలిచి బిగించేదే సరైన బిగింపు, స్పానర్ మీద ఎక్కి తొక్కేది కాదు.

ఇక్కడే చాలామంది డబ్బు వృథా చేసుకునే పొరపాటు ఒకటుంది. స్టీరింగ్ వణుకుతోందనగానే అలైన్‌మెంట్ చేయిస్తారు. అలైన్‌మెంటు చక్రాలు ఏ దిక్కుకు చూస్తున్నాయో సరిచేస్తుంది. అది చెడితే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. వణుకుకూ దానికీ నేరుగా సంబంధం లేదు. ఏళ్ల తరబడి వదిలేస్తే టైరు మెట్లు మెట్లుగా అరిగి అప్పుడు వణికించవచ్చు, కానీ అప్పటికి అలైన్‌మెంట్ చేయించినా అరిగిన టైరు తిరిగి నున్నబడదు. టైర్లలో నైట్రోజన్ నింపించినా తూకం మారదు.

బ్రేకు తొక్కితేనే వస్తే

మామూలుగా పోతున్నప్పుడు నిక్షేపంగా ఉండి, టోల్‌ప్లాజా ముందు వందలోంచి బ్రేకు తొక్కగానే స్టీరింగ్ కొట్టుకుంటే, పెడల్ కాలి కింద నాడిలా ఆడితే, చక్రాన్ని వదిలి డిస్కును పట్టుకోవాలి. డిస్కు వంగిందని అంటారు కానీ, చాలాసార్లు అది వంగదు, మందం మారుతుంది. ఒకచోట మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా ఉన్నా చాలు, ప్యాడ్లు ఆ మిట్టను తాకినప్పుడల్లా బ్రేకు ఒత్తిడి ఎగిరిపడుతుంది.

ఈ తేడా ఘాట్ రోడ్ల మీద పుడుతుంది. తిరుమల కొండ దిగేటప్పుడో, అరకు నుంచి దిగేటప్పుడో అదేపనిగా బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే డిస్కులు విపరీతంగా వేడెక్కుతాయి. కిందికి వచ్చి ఆగి, పెడల్ అలాగే నొక్కిపట్టి కూర్చుంటే, ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోట డిస్కుకు అంటుకుంటుంది. తర్వాత ఆ మచ్చ దగ్గర పట్టు వేరు, మిగతా చోట పట్టు వేరు. రెండో గేరులో, మూడో గేరులో ఇంజను బిగువు మీద దిగడం, కాలుతున్న డిస్కుల మీద చల్లని నీళ్లు పోయకపోవడం దీనికి ముందుజాగ్రత్తలు. మందం కంపెనీ చెప్పిన కనీసం కన్నా తగ్గకపోతే డిస్క్ ఫేసింగ్ చేయించవచ్చు, తగ్గితే మార్చాల్సిందే. కాలిపర్ పిన్నులు పట్టేసి ప్యాడు వదలకుండా రాసుకుంటున్నా ఇదే జబ్బు తిరగబెడుతుంది కాబట్టి, వాటినీ అప్పుడే చూపించుకోవాలి.

షాఫ్టులు, ఇంజను

యాక్సిలరేటర్ తొక్కి లాగుతున్నప్పుడు వణికి, కాలు తీసేయగానే ఆగిపోతే బలాన్ని మోసే షాఫ్టులను అనుమానించాలి. ముందు చక్రాలు లాగే కార్లలో గేరుబాక్సు వైపు జాయింటు అరిగితే బరువు మీద ఉన్నప్పుడు కారు మొత్తం అటూ ఇటూ ఊగినట్టుంటుంది. చక్రం వైపు జాయింటు పోతే వణుకు కన్నా ముందు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు టకటక మోత వస్తుంది.

బొలెరో, పాత ఇన్నోవా వంటి బండ్లలో బలం ప్రొపెల్లర్ షాఫ్టు మీదుగా వెనక్కి వెళుతుంది. ఆ షాఫ్టు చక్రం కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. వందలో ఉన్నప్పుడు సెకనుకు యాభై చుట్ల లెక్క. అందుకే దాని లోపం చేతికి ఊపులా కాక, అడుగున, సీటు కింద సన్నని జలదరింపులా, మోతలా తెలుస్తుంది. దాని కొసల్లో ఉండే క్రాస్ జాయింటును మెకానికల్ చదివినవారు హుక్స్ జాయింటుగా ఎరుగుదురు. కోణంలో తిరిగేటప్పుడు అది ఒక్క చుట్టులో రెండుసార్లు తొందరపడి రెండుసార్లు నిదానిస్తుంది. రెండు కొసల్లో రెండు జాయింట్లు ఎదురెదురు కోణాల్లో ఉండి ఒకదాని తప్పు మరొకటి దిద్దుకుంటాయి. రిపేరుకు విప్పినప్పుడు గుర్తు పెట్టుకోకుండా ముక్కలు తిప్పి బిగిస్తే ఈ దిద్దుబాటు తప్పిపోతుంది. క్లచ్ పనికో, గేరుబాక్సు పనికో వెళ్లొచ్చిన బండికి కొత్తగా వణుకు పట్టుకుంటే ముందు అడగాల్సింది ఈ సంగతే.

ఇంజను వణుకును విడదీయడం అన్నిటికన్నా తేలిక. అది కారు వేగాన్ని పట్టించుకోదు, ఇంజను చుట్లనే పట్టించుకుంటుంది. ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో అయిదో గేరు నుంచి నాలుగుకు మార్చి చూడండి. వణుకు స్వభావం మారితే ఇంజనో, దాన్ని పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్లో. మారకపోతే చక్రాలు, షాఫ్టులే. నిలబెట్టిన కారులో ఇంజనును అన్నే చుట్లకు రేపినా వణుకు వస్తోందంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

వణుకు పుట్టించేవి కొన్నైతే, ఉన్న వణుకును పెద్దది చేసేవి మరికొన్ని. అరిగిన టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, నూనె కారిన షాకబ్జార్బర్లు ఈ రెండో జాతివి. కొత్త కారులో పది గ్రాముల తేడాను మింగేసే సస్పెన్షన్ లక్ష కిలోమీటర్లు తిరిగాక అదే పది గ్రాములను స్టీరింగ్ దాకా మోసుకొస్తుంది. వీల్ బేరింగు పోతే వణుకు కన్నా ముందు గూఁ అనే మోత వస్తుంది. ఎడమ మలుపులో బరువు కుడి చక్రాల మీద పడుతుంది కాబట్టి, అప్పుడు మోత పెరిగితే తప్పు కుడి బేరింగుదే అనుకోవాలి.

మెకానిక్‌కు ఏం చెప్పాలి

ముందు రోడ్డును పక్కన పెట్టాలి. ఒక సిమెంటు రోడ్డు ముక్క మీదే వచ్చి, నున్నటి తారు మీద పోతే కారుకు ఏమీ లేదు. నున్నటి రోడ్డు మీద, వేగ పరిమితి లోపలే, పదేసి కిలోమీటర్లు పెంచుకుంటూ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముదిరింది, ఎక్కడ తగ్గింది గమనించాలి. స్టీరింగ్‌లో తెలిస్తే సాధారణంగా ముందు చక్రాలు, సీటులోనో అడుగునో తెలిస్తే వెనక చక్రాలు. ముందు వెనక చక్రాలు ఒకదానికొకటి మార్చి బిగించాక వణుకు కూడా స్టీరింగ్ నుంచి సీటుకు మారితే తప్పు చక్రంలోనే ఉంది, హబ్బులోనో డిస్కులోనో కాదు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

కొన్నిటికి మాత్రం పరీక్షలు పెట్టుకోకూడదు. అప్పటిదాకా లేని వణుకు హఠాత్తుగా మొదలై నిమిషనిమిషానికీ పెరుగుతుంటే, నిన్ననో మొన్ననో చక్రాలు విప్పి బిగించిన కారులో వణుకు వస్తే, బ్రేకు గట్టిగా తొక్కకుండా నిదానించి, రోడ్డు పక్కకు తీసి ఆపి చూడాలి. వదులైన వీల్ నట్లు, టైరు పక్కన లేచిన బుడిపె, ఉబ్బిన ట్రెడ్, ఈ మూడింటిలో ఏది కనబడినా ఆ చక్రంతో ముందుకు పోకూడదు. బుడిపె అంటే లోపలి దారాలు తెగి, రబ్బరు ఒక్కటే గాలిని ఆపుతోందని అర్థం. దానికి స్టెప్నీ మార్చడం తప్ప వేరే వైద్యం లేదు.

మిగతావాటికి షెడ్డుకు వెళ్లవచ్చు. అయితే షెడ్డు ఊరి మధ్యన ఉంటుంది, మెకానిక్ కారును ఆ వీధిలోనే నలభైలో తిప్పి చూస్తాడు. తొంభైలో వచ్చే వణుకు నలభైలో అతనికి చిక్కదు. "బండి వణుకుతోంది అన్నా" అని తాళాలు చేతిలో పెడితే, అతను ఊహించి ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ పోవాలి, దాని బిల్లు మనం కట్టాలి. "ఎనభై అయిదులో మొదలై నూట అయిదులో పోతుంది, స్టీరింగ్‌లోనే, బ్రేకు తొక్కకపోయినా ఉంటుంది, గేరు మార్చినా మారదు" అని చెబితే అతను నేరుగా ముందు చక్రాలు విప్పుతాడు. ఆ వేగంలో కారులో ఉన్నది మనమే కాబట్టి, ఆ కబురు చెప్పగలిగినదీ మనమే.